గంధర్వుడు మర్చిపోయిన వారం

మా చిన్నప్పుడు... శుక్రవారం మధ్యాహ్నం తెనాలి నుంచి వచ్చే రైలు రేపల్లెలో ఆగేసరికి నేను ప్లాట్‌ఫారం మీద ఉండేదాన్ని. ఆ రైల్లోనే వారపత్రికల కట్ట వచ్చేది. స్టేషన్ బయట కొట్టాయన కట్ట విప్పగానే మొదటి కాపీ నాది. డెబ్బయ్యో దశకం మొదట్లో మాట... నేను అప్పుడు ఆరో క్లాసు.

ఇంటికొచ్చేసరికి మా అరుగు నిండిపోయి ఉండేది. ఒకళ్ళు చేటలో బియ్యం ఏరుకుంటూ, ఒకళ్ళు చింతపండులో గింజలు తీస్తూ కూర్చునేవాళ్ళు. నేను సీరియల్ పైకి చదవాలి, వాళ్ళు వినాలి. చదువొచ్చిన మా అమ్మ కూడా నేను చదివితేనే వినేది. దీని గొంతుకి మైకు అక్కర్లేదు అనేది మా నాయనమ్మ.

ఆ ఏడాది సీరియల్ ఒక గంధర్వుడి ప్రేమకథ. గంధర్వులకు నీడ ఉండదట. కుమ్మరివారి పిల్ల మందాకినిని ప్రేమించాడు. ఆమెతో మనిషిలా కాపురం చేయాలంటే నీడ కావాలి కదా... అది అడిగి తెచ్చుకుంటానని, తిరిగొస్తానని మాటిచ్చి తన లోకానికి వెళ్ళాడు. ఇక వారాల తరబడి ఆ పిల్ల ఎదురుచూపే. ఎంత సాగదీశాడో ఆ రచయిత! తిట్టుకుంటూనే ఒక్క వారం కూడా వదల్లేదు మేము.

అందరికంటే ముందొచ్చి కూర్చునేది రత్తమ్మక్క. నిజాంపట్నం వైపు నుంచి చేపలు తెచ్చి మా వీధుల్లో అమ్మేది. గంప ఖాళీ కాగానే కాళ్ళు కడుక్కుని అరుగెక్కేది. వాళ్ళాయన కాకినాడ వైపు పడవ పనికని వెళ్ళి మూడేళ్ళయింది. ఉత్తరం లేదు, కబురు లేదు. వాళ్ళన్న మారుమనువుకు సంబంధం చూశాడు... సొంత పడవ ఉన్న మనిషి. వాళ్ళలో అదేం తప్పు కాదు. తనే ఏ సంగతీ తేల్చకుండా నానుస్తోంది.

ఒకరోజు అమ్మతో చెప్పింది, అన్నకు మాటిచ్చిందట. కథలో గంధర్వుడు తిరిగొచ్చి ఆ పిల్లను ఏలుకుంటే తనూ మొగుడి కోసం ఆగుతుంది. లేదంటే అన్న చూసినవాణ్ణి చేసుకుంటుంది. వాళ్ళన్న సరేనన్నాడట. పిల్లి ఎదురొస్తే ఆ రోజు పడవ దించని మనిషి ఆయన, శకునమంటే కాదనలేకపోయాడు.  వారపత్రిక సీరియల్ మీద కాపురం పెట్టడమేంటి అని అమ్మ ఆ రోజంతా గొణుక్కుంటూనే ఉంది.

చివరి భాగం వచ్చే వారం అని ముందే వేశారు. ఆ శుక్రవారం ఆత్రం ఆపుకోలేక స్టేషన్ నుంచి నడుస్తూనే చదివేశాను...

గంధర్వుడు వచ్చాడు. నీడతోనే వచ్చాడు. కానీ మనిషైనందుకు వెనకటి జ్ఞాపకమంతా పోయింది. మందాకిని చేతి నీళ్ళు తాగి, ఎవరమ్మా నువ్వు అని అడిగి, తన దారిన తను పోయాడు. సమాప్తం.

 నడిరోడ్డు మీద నిలబడిపోయాను. వెనక రిక్షా ఆయన బెల్లు కొడుతున్నా కదల్లేదు. ఇంకా ఏమైనా ఉందేమోనని పేజీ తిప్పాను... బీరకాయ పచ్చడి చేసే విధానం ఉంది. ఇన్ని వారాలు మమ్మల్ని కూర్చోబెట్టి ఇంత ద్రోహమా అనిపించింది.

అరుగు మీద చదవడం మొదలుపెట్టాను. గంధర్వుడు నీళ్ళు తాగే చోటికి వచ్చేసరికి నా చూపు రత్తమ్మక్క మీద పడింది. చేతిలో చింతపండు వదిలేసి నన్నే చూస్తోంది. అంతే... అక్కణ్ణుంచి పత్రికలో లేనిది చదివాను. నువ్వు నా మందాకినివి కదూ అన్నాడని, చెయ్యి పట్టుకున్నాడని, పందిరి వేయించి పెళ్ళి కూడా చేసేశాను. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. రత్తమ్మక్క గంప ఎత్తుకుని గబగబా వెళ్ళిపోయింది.

సాయంత్రం అమ్మ ఆ పత్రిక చేతిలోకి తీసుకుంది. చదివి నా వైపు చూసింది. కొడుతుందనుకున్నాను, కొట్టలేదు.

"రేపు రత్తమ్మ రాగానే నువ్వే చెప్పు. ఒక మనిషి బతుకుతో ఆటలేంటే?" అంది.



మర్నాడు రత్తమ్మక్క వచ్చీ రాగానే, సంబంధం వద్దని అన్నతో చెప్పించేశానంది.  ఏడుస్తూ నిజం చెప్పేశాను. అంతా విని, మరి వాడు పోతుంటే ఆ పిల్ల ఏం చేసిందని అడిగింది. ఏం చేయలేదు, చూస్తూ నిలబడిందన్నాను.

"చెంబు పెట్టి కొట్టాల్సింది," అంది.

తర్వాత అమ్మ వైపు తిరిగి, గొంతు తగ్గించి చెప్పింది. "నేను మా ఆయన కోసం ఆగిందీ లేదు, ఆ పడవాయన్ని చేసుకునేదీ లేదండి. నా గంప నా నెత్తిన ఉంది, నాకు బానే ఉంది. ఆ మాటంటే మా వోళ్ళు ఊరుకోరు. ఈ కథ ఇప్పట్లో తెమలదు గదా అని దాని మీద పెట్టా. ఇంత తొందరగా అయిపోద్దనుకోలా."

 గంధర్వుడు కొట్టిన దెబ్బ దీని ముందు ఏ మూలకి!

అమ్మ నన్ను చూపించి, ఇది ఉన్నదున్నట్టు చదివుంటే ఏం చేసేదానివే అని అడిగింది.

"ఏవుందమ్మా... మా అన్నకి చదువు రాదు. నేనే మార్చి చెప్పేదాన్ని."

వాళ్ళాయన రానే లేదు. తనూ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. తర్వాత తెనాలి మార్కెట్లో సొంతంగా కొట్టు పెట్టుకుంది. ఆ నవల పుస్తకంగా వచ్చాక, బాపట్లలో కాలేజీలో ఉండగా మళ్ళీ చదివాను. ముగింపు అదే. ఈసారి ఏడుపు రాలేదు, అలా చూస్తూ నిలబడ్డ ఆ మందాకిని మీద ఒళ్ళు మండింది.

ఇప్పుడు ఎవరి ఫోన్లో వాళ్ళు, ఎవరి కథ వాళ్ళు చదువుకుంటున్నారు... ముగింపు మార్చి చెప్పాలనిపించేంత దగ్గరగా కూర్చుని వినేవాళ్ళేరీ? మీ అరుగు మీద ఎవరు చదివేవాళ్ళు, ఎవరు వినేవాళ్ళు? గుర్తుంటే కింద రాయండి... మార్చి రాసినా ఏమీ అనుకోను.