గోడలు లేని భజన ఇల్లు

మా బస్తీ భజన ఇంటి గోడలు వాగు పొంగిన ప్రతిసారీ కూలేవి. నీళ్లు తగ్గాక మగవాళ్లు మళ్లీ గోడలు లేపేవారు. ఆడవాళ్లం నేలకు పరిచే మొరం మట్టి మోసి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికేవాళ్లం. ఆ నేల మీద చేతుల్లో చెక్క చిరుతలు మోగిస్తూ చిరుతల భజన ఆడేది మగవాళ్లు, లోపల కూర్చునేదీ వాళ్లే. పటాన్‌చెరు దిక్కు ఫ్యాక్టరీలు వచ్చి జనం పెరిగాక మాకు కిటికీ దగ్గర కూడా చోటు లేకుండా పోయింది. నేను అలికిన నేల మీద ఆటను నేను ఒక్కసారీ సరిగ్గా చూడలేదు.

ఆ ఏడు గోడలు మళ్లీ పడ్డాయి. భజన మేళానికి పెద్ద మా బావ, మా ఆయన అన్న. ఈసారి ఇటుక గోడలు కడదామన్నాడు. నేను మొరం గంప కింద పెట్టాను.

"గోడలే వద్దు బావా. రాతి కడీలు స్తంభాల లెక్క పాతి మీద తాటాకు కప్పుదాం. కింద చుట్టూ బండలు పేర్చి గద్దె ఎత్తు చేద్దాం. నీళ్లొస్తే ఇటు నుంచి అటు పోతయి."

"గోడల్లేకుంటే అది పశువుల కొట్టమైతది."

"మన కొట్టం గా వాగొడ్డుకే ఉన్నది గద. ఎన్నడన్న పడ్డదా?"

అందరూ నవ్వారు. బావ ముఖం మాడిపోయింది.

"అచ్చరం ముక్క రాదు, నాకు కట్టుడు నేర్పుతవా?"

అప్పటికి నాకు సంతకం కూడా రాదు, నిజమే. "వాగుకు గూడ రాదు బావా. నీ గోడ జూసి ఆగుతదా? కట్టుకో. మేం మొరం మొయ్యం, అలుకం."

మా అత్తమ్మ, అంటే బావ కన్నతల్లి, దిమ్మిస పక్కన పడేసింది. "ఇగ నువ్వే అలుకు కొడుకా," అంది. మిగతా ఆడవాళ్లూ గంపలు బోర్లించారు.

మగవాళ్లు పంతం కొద్దీ అలకని నేల మీదే చిరుతలు పట్టారు. నాలుగు అడుగులకే దుమ్ము లేచింది. పాట ఎత్తుకున్న బావ దగ్గుతూ బయటికి వచ్చాడు. మేమెవరం అలకడానికి లేవలేదు. ఆ వారంలోనే బావ తెప్పించిన రాతి కడీలు బండి మీద దిగాయి.

మరుసటి వానకాలం నీళ్లు గద్దె ఎక్కాయి, కడీల మధ్య నుంచి దిగిపోయాయి. కప్పు అట్లాగే ఉంది. ఒండ్రు ఎత్తిపోసి, అలికి, ఆరాక అత్తమ్మను తీసుకుని వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను.

బావ చిరుతలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "ఆడోళ్లు జెర ఎనుకకు జరుగుండ్రి."

"జరగం బావా," అన్నాను. "జల్దీ సురువు చెయ్యి."