మా లా కాలేజీ మురుగు ఎటు పోయింది

కరోనాకు ముందు ఏడాది, వానాకాలం మొదట్లో, నన్ను పర్యావరణ చట్టం పీజీ కోర్సుకు ఇన్‌ఛార్జి ప్రొఫెసర్‌గా వేశారు. చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్‌కు దిగే సందులో, నాలా ఒడ్డున ఉండేది మా కాలేజీ. మిగతా లా కాలేజీల్లో ఒక పేపరుగా చదివి వదిలేసేదాన్ని మా దగ్గర రెండేళ్ల డిగ్రీగా చెప్పేవాళ్లం. నారాయణగూడలోని మా ఇంటి నుంచి నడిచి వెళ్లేదాన్ని. రిటైరైంది కూడా అక్కడే.

చివరి ఏడాది ప్రతి విద్యార్థీ డిసర్టేషన్ ఇవ్వాలి, అంటే ఒక సమస్యను స్వయంగా పరిశోధించి పుస్తకంగా రాయాలి. దాని మీద గైడ్ సంతకం, డైరెక్టర్ సంతకం పడితేనే యూనివర్సిటీకి వెళ్తుంది. వెళ్లకపోతే డిగ్రీ లేదు. మా పిల్లలందరికీ గంగ కావాలి, కాదంటే యమున. గంగ మీద రాసినవి జిరాక్స్ షాపుల్లో తయారుగా దొరికేవి, పేరు మార్చి అట్ట వేయించుకుంటే చాలు. చూసీ చూడనట్టు సంతకాలు గీకే గైడ్లూ ఉన్నారు. ముక్కు మూసుకుని నాలా దాటి వచ్చి, ఎక్కడో కాశీలో గంగ కోసం కన్నీళ్లు పెట్టే చదువు అది. నాకు ఒళ్లు మండేది.

రజిత ఒక్కతే నాలాను ఎంచుకుంది. పగలు ఒక వకీలు దగ్గర జూనియర్‌గా చేసి సాయంత్రం క్లాసుకు వచ్చేది. వాళ్లు కిరాయికుండే ఇల్లు కాలేజీకి దిగువన, నాలా పక్కనే. గట్టి వాన పడితే నాలా వాళ్ల వంటింట్లోకి వచ్చేది.

“మేడం, గంగ మా ఇంట్లకు రాదు. ఇది వస్తది. దీని మీదనే రాస్త” అంది. నేను గైడ్‌గా ఒప్పుకున్నాను.

నాలా ఉన్నది వాననీటికి. ఇళ్ల మురుగు వేరే డ్రైనేజీ లైన్‌లో పోవాలి. ఎవరి పైపు ఎందులో కలిసిందో తేల్చడానికి రంగు పరీక్ష చేస్తారు: మరుగుదొడ్డిలో హాని లేని రంగు పోసి, నీళ్లు వదిలి, అది ఎక్కడ తేలుతుందో చూస్తారు. పద్ధతి చేతికి రావాలి కాబట్టి మొదట మన కాలేజీలోనే చేయండి, అంతా సవ్యంగా ఉన్నచోట ఎలా ఉంటుందో ముందు చూడండి అని క్లాసంతటికీ చెప్పాను. మాది పర్యావరణ చట్టం కాలేజీ కదా, సవ్యంగా ఉండక ఏమవుతుందని నా ధీమా. రజిత పైఅంతస్తు బాత్రూంలో రంగు పోసింది. మిగతావాళ్లం వెనక గోడ దగ్గర నిలబడ్డాం. కాసేపటికి మా గోడ కింద నుంచి పసుపు కలిసిన ఆకుపచ్చ నీళ్లు నాలాలోకి దూకాయి. వంతెన మీద జనం బండ్లు ఆపి మరీ చూశారు.

“ఏంది మేడం, మీ కాలేజీకి పసిరికలైనయా?” అంది అక్కడ కూరగాయలమ్మే ఆవిడ. పసిరికలంటే పచ్చకామెర్లు.

గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. మా డైరెక్టర్ ఆ బాపతు కూడా కాదు. నీటి కాలుష్య చట్టం ఇరవై నాలుగో సెక్షన్ ప్రకారం, తెలిసి తెలిసి మురుగును ప్రవాహంలోకి వదలడం నేరం. ఇన్నాళ్లూ మనకు తెలియదని చెప్పుకునే వీలుండేదని, ఇప్పుడు నేనూ ఈ అమ్మాయీ కలిసి తెలిసేలా చేశామని ఆయన నా మీద విరుచుకుపడ్డారు. ఆ సెక్షన్‌ను ఆయనే క్లాసులో చెప్పేవారు. పైపు మార్పించే మాట మాత్రం ఎత్తలేదు. యమున మీద రాసుకోమని రజితకు చెప్పారు, లేదంటే కాలేజీ పేరు తీసేయమన్నారు.

“పేరు తీసేస్త సార్. మీరు పైపు తీసేయుండ్రి” అంది రజిత.

నేను సంతకం చేశాను, ఆయన చేయలేదు. గడువు దగ్గరపడింది. రెండేళ్ల చదువు గంగపాలయ్యేట్టుందని నాకు నిద్ర పట్టేది కాదు. రజిత మాత్రం ఆ డిసర్టేషన్‌నే ఫిర్యాదుగా చేసి కాలుష్యం చూసే అధికారులకు ఇచ్చేసింది. మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమంటూ కాలేజీకి షోకాజ్ నోటీసు వచ్చింది.

దానికి డైరెక్టర్ ఇచ్చిన జవాబు చదివి నిర్ఘాంతపోయాను. మా సంస్థ సామాజిక బాధ్యతతో తన విద్యార్థిని చేతనే తన మురుగునీటి వ్యవస్థను పరీక్షింపజేసుకుని లోపాన్ని స్వచ్ఛందంగా కనిపెట్టిందట. సాక్ష్యంగా ఆ డిసర్టేషన్‌నే జతచేశారు. సంతకం లేనిది సాక్ష్యానికి పనికిరాదు కాబట్టి అదే రోజు సంతకం కూడా పెట్టారు. రజితకు డిగ్రీ వచ్చింది. సిగ్గు లేకుండా ఆ పిల్లకు శాలువా కప్పి ఫోటో దిగారు.

పైపుకు మాత్రం గడువు అడిగారు. అది అయిపోతే మళ్లీ అడిగారు. ఏ కాగితం ఎప్పుడు వేస్తే పని ఎంతకాలం ఆగుతుందో ఆయనకు కొట్టిన పిండి. చదివిన చట్టమంతా ఆయనకు అందుకే పనికొచ్చింది. నేను రిటైరయ్యేనాటికి పైపు అక్కడే ఉంది.

ఆ తర్వాత ఒక వానకు నాలా పొంగిందని తెలిసి రజితకు ఫోన్ చేశాను.

“మోకాళ్ల దాకా వచ్చినయ్ మేడం. డిగ్రీ పట్టా సజ్జ మీద పెట్టిన, అది తడవలే” అంది నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. ఆ ఇంట్లోకి వచ్చిన నీళ్లలో పట్టా ఇచ్చినవాళ్ల మురుగూ ఉంది. పర్యావరణ చట్టం ఎక్కడ చదవమంటారని ఇప్పటికీ పిల్లలు అడుగుతుంటారు. ఫీజు కట్టే ముందు ఆ కాలేజీ వెనక్కి వెళ్లి చూసి రమ్మంటాను.