మాబాషా ఫోనుకు వచ్చే ఓటీపీలు

గిద్దలూరులో ఒక కాలనీ ఆడవాళ్లు ఇంటర్నెట్ వాడకం నేర్చుకుంటున్నారని విని, ఆ తరగతి చూసి, అక్కడి నుంచి రాచర్ల మీదుగా నల్లమలలోకి వెళ్లి రావాలని బయలుదేరాను. మార్కాపురంలో పొద్దున్నే కంభం మీదుగా వెళ్లే బస్సు ఎక్కితే టిఫిన్ వేళకు గిద్దలూరులో దిగవచ్చు. బస్టాండు బయట మాబాషా అనే అతని ఆటో మాట్లాడుకున్నాను. అడవి దాకా రానూపోనూ ఎనిమిది వందలు. అతని ఇల్లు కూడా ఆ కాలనీలోనే.

తరగతి జరిగేది ఒక రేకుల గదిలో. కాలనీ మొత్తానికి వైఫై ఉన్నది అక్కడే. పాఠం చెప్పే షమీమ్ ఆ వీధి అమ్మాయే, డిగ్రీ చదివింది. ఆ రోజు పాఠం ఓటీపీ. "బ్యాంకోళ్లమన్నా చెప్పగూడదు, సొంత అన్న అడిగినా చెప్పగూడదు" అని అందరి చేతా అనిపించింది.

చిక్కేమిటంటే, ఆ వీధిలో చాలామంది ఓటీపీలు వచ్చేది మాబాషా ఫోనుకే. ఆధార్ తీసిన రోజుల్లో ఫోను ఉన్నది అతని దగ్గరే. నంబరు అడిగితే అందరూ అదే ఇచ్చారు. ఇళ్లలో పనిచేసే రమీజా కూతురి పాలిటెక్నిక్ దరఖాస్తులోనూ ఆ నంబరే ఉంది. కాలేజీలు ఎంచుకునే గడువు ఆ సాయంత్రంతో ముగుస్తుంది. ఎంపికకూ ఓటీపీ కావాలి కాబట్టి ముందు నంబరు మార్చుకోవాలి. మార్చాలంటే పాత నంబరుకే ఓటీపీ వస్తుంది. సైటేమో తెరుచుకోవడం లేదు. కాసేపు చూసి మేం బయలుదేరాం. "సిగ్నల్ ఉన్నంత దూరమే పోతా అక్కా" అని రమీజాతో చెప్పి మాబాషా ఆటో తీశాడు.

రాచర్ల దాటి, అడవి మొదలయ్యే చోట ఆపేశాడు.

"ఈడ ఒక్క గీతే ఉంది సార్. ముందుకు పోతే అదీ ఉండదు."

"ఇంకెంత దూరం?"

"దూరం కాదు సార్. ఆ పిల్ల సీటు నా జేబులో ఉంది. మీరు డబ్బులు తగ్గించి ఇయ్యండి."

రోడ్డు పక్కనే కూర్చున్నాం. గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగాడు.

"ఏంది మాబూ, బండి చెడిపోయిందా?"

"బండి కాదు మామా, సర్వర్."

"అదేడుంటది?"

"తెలిస్తే తోసైనా స్టార్ట్ చేద్దును."

మధ్యాహ్నం దాటాక షమీమ్ ఫోను చేసింది. సైట్ తెరుచుకుంది. మాబాషా స్పీకరు పెట్టి, వచ్చిన మెసేజ్ చూశాడు.

"రమీజక్కా, ఎవరికీ చెప్పొద్దని రాసుందే ఇందులో. చెప్పమంటావా?"

"నీ ఎగతాళి పాడుగాను, తొందరగా చెప్పు!"

ఒక్కో అంకె చదివాడు. నంబరు మారింది. తర్వాతి ఓటీపీ రమీజా ఫోనుకే వెళ్లింది. ఆ చప్పుడు మాకూ వినిపించింది.

"వచ్చినాదా అక్కా? ఎంతొచ్చింది?"



"చెప్పను" అంది రమీజా. "ఎవరికీ చెప్పగూడదంట."

గదిలో అందరూ నవ్వడం వినిపించింది. మాబాషా కూడా నవ్వాడు. కాలేజీల ఎంపిక గడువులోపే ఎక్కిందని కాసేపటికి షమీమ్ కబురు చేసింది. అప్పటికి పొద్దు వాలింది. అడవి చూడకుండానే వెనక్కి తిరిగాం.

గదికి వైఫై రావడంతో పని అయిపోయినట్టు కాదు. ఎవరి నంబరు వారి చేతికి రావాలి. దానికి ఒక్కొక్కరికీ ఇలా ఒక పూట పడుతుంది. ఇటువైపు వెళ్లేవాళ్లకు ఒక మాట: ఆటో మాట్లాడుకునేటప్పుడు బాడుగతో పాటు, ఆ రోజు డ్రైవరు ఫోనుకు ఎవరి ఓటీపీలైనా రావలసి ఉన్నాయేమో కూడా అడగండి. ఉన్నాయంటే అడవిని మరుసటి రోజుకు పెట్టుకోండి.