సార్‌కు నేను చెప్పని జింకు సంగతి

మా కెమిస్ట్రీ సార్ పోయారని కాలేజీ అటెండర్ ఇంటికొచ్చి చెప్పాడు. నేను అడిగిన మొదటి మాట, “ఎంతమంది వచ్చిండ్రు?” అని. గేటు బయట దాకా విద్యార్థులేనట. నేను పోతే ఇంతమంది వస్తారా అని కుళ్లుకున్నాను. కన్నీళ్లు ఆ తర్వాతే వచ్చాయి. ఇది దాచిపెట్టి ఆయనను పొగడడం నాకు చేతకాదు.

ఎనభైల చివర్లో మహబూబ్‌నగర్‌లో ఒకే కాలేజీ ల్యాబ్‌లో లెక్చరర్లుగా పనిచేశాం. ఆయన సీనియర్, నేను జూనియర్. నన్ను తమ్మీ అనేవారు. క్లాసు అయిపోయాక కూడా పిల్లలు ఆయన చుట్టూ మూగేవారు. నా క్లాసులో గంట కొట్టకముందే పుస్తకాలు సర్దుకునేవారు.

ఆయనకు ఒక్కటే పిచ్చి. రక్తంలో జింకు ఉండే ఎంజైమ్ ఒకటుంది. అందులోంచి జింకును తీసేసి మరో లోహాన్ని పెట్టి, ఒంట్లో అది ఎన్నడూ చేయని రసాయన పని చేయించాలని. “ఇల్లు గదే తమ్మీ. కిరాయిదారుని మారుస్తున్న, గంతే,” అనేవారు. ఆదివారం పొద్దున్నే థర్మాస్ పట్టుకుని మటన్ దుకాణానికి వెళ్లి గొర్రె నెత్తురు తెచ్చుకునేవారు. దుకాణం అతను ఈ సారుకు నెత్తురు కూరంటే ప్రాణమనుకుని కొత్తిమీర కూడా చేతిలో పెట్టేవాడు. సార్ వద్దనలేక తీసుకుని, తెచ్చి నాకిచ్చేవారు. ఆ మంచితనం కూడా నాకు గిట్టేది కాదు.

ముందు కోబాల్టు పెట్టి చూశారు. అది సరిగ్గా కూర్చుంటే నీలం రంగు వస్తుంది. మూడు వారాలైనా రాలేదు. ఎండాకాలం, నల్లా రెండు రోజులకోసారి. గాజు జాడీ పగిలిపోతే డిస్టిల్డ్ వాటర్‌ను ఇనుప బకెట్‌లో పట్టి పెట్టుకున్నారు. ఆ బకెట్‌కు జింకు పూత. ఆయన జింకు తీసేసిన చోట, పూతలోని జింకు ఆ నీళ్లతో వచ్చి మళ్లీ కూర్చుంటోంది. బకెట్‌ను చూసిన రోజే నాకు అర్థమైంది.

“జర నువ్వు చూడరాదు తమ్మీ, నాకైతే సమజైతలేదు,” అన్నారు.

“నాకు గూడ సమజైతలేదు సార్,” అన్నాను. ఒక్కసారైనా ఆయన ఓడిపోతే చూడాలని ఉండింది.

పది రోజుల తర్వాత నీలం రంగు గొట్టం పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చారు. “బకెట్ తమ్మీ! గింత చిన్న ముచ్చట మనిద్దరికీ తట్టలే సూడు!” అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ “మనిద్దరికీ” అన్న మాట ఇన్నేళ్లూ గుచ్చుతూనే ఉంది.

దినాలయ్యాక వాళ్లింటికి వెళ్లాను. సార్ భార్యను వదినా అని పిలుస్తాను. చాయ్ తెచ్చి, “బకెట్ సంగతి నీకు ముందే ఎర్కనట గద,” అంది మామూలుగా. “గా దినం నువ్వు నవ్వుతుంటె నీ మొఖం జూసి సమజైందన్నడు. అడిగితె చిన్నబోతవని అడగలేదంట.”

నేనైతే ఒక్క పూట కూడా ఊరుకునేవాణ్ని కాదు. ఇందులోనూ ఆయనే గెలిచారని, పోయిన మనిషి మీద మళ్లీ కుళ్లు పుట్టింది.

“ఎర్కనే వదినా,” అన్నాను.

ఆమె తలూపింది. చాయ్ కాలుతోందని సాసర్‌లోకి వొంపి నా ముందుకు జరిపింది.