మేనల్లుడిచ్చిన కాగితం

దాసప్ప బ్రేకు తొక్కి చూసుకోకుండా మమ్మల్ని ఏ రోజూ బండి ఎక్కనివ్వలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. పావగడ బస్టాండులో టీ తాగేవాళ్ళు కూడా ఇప్పుడు ఆయన గురించి నోటికొచ్చింది వాగుతున్నారు. వింటుంటే నాకు ఒళ్ళు మండుతోంది.

మాది కర్ణాటకలో పావగడ పక్కన రాయచెర్లు. నా పేరు సవిత. సోలార్ పార్కులో పలకలు కడిగే పనికి పోయే ఆడవాళ్ళలో నేనొకదాన్ని. పొద్దున ఆరున్నరకు మినీబస్సు వస్తుంది. దాసప్ప దాన్ని ఖాళీగానే ఇరవై అడుగులు నడిపి, బ్రేకు గట్టిగా తొక్కి, దిగి చక్రాల దగ్గర వంగి చూసి, అప్పుడు "రండమ్మా, ఎక్కండి" అనేవాడు. మాకు ఆలస్యమైపోతుందని గొణుక్కునేవాళ్ళం. "నీ పెళ్ళాన్ని కూడా ఇంత బాగా చూసుకోవు" అని ఆంజినమ్మ ఎగతాళి చేసేది. ఆంజినమ్మ మా అందరిలో పెద్దది. పార్కుకు గుత్తకిచ్చిన తన చేనిలో నిలబెట్టిన పలకలనే తాను కడిగేది. డ్రైవరు పక్కన ముందు సీటు ఆమెది, ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కాదు.

దాసప్పకు యాభై నాలుగేళ్ళు. ముప్పై ఏళ్ళు లారీలు తోలాడు, శెనక్కాయల మూటలేసుకుని ఎన్ని ఊళ్ళు తిరిగాడో లెక్కలేదు. ఒక్క కేసు లేదు. తాగడు. ఊళ్ళో ఎవరింటి పెళ్ళికి బండి మాట్లాడినా, "దాసప్ప తోలితేనే" అనేవాళ్ళు. ఆయనకున్న ఆస్తి ఆ మాటే.

బండి మాత్రం ఆయనది కాదు, మేనల్లుడు దేవరాజుది. ఈ దేవరాజుకు చెవులు కుట్టించిన రోజు ఒళ్ళో కూర్చోబెట్టుకున్నవాడు దాసప్ప. స్టీరింగు పట్టడం నేర్పింది కూడా ఆయనే. అల్లుడు ఇప్పుడు పావగడలో కొండ కింద ఇల్లు కట్టుకుని, సోలార్ కాంట్రాక్టరుకు బండ్లు తిప్పే ఓనరయ్యాడు. మామకు దాని మీద కించిత్తు కూడా అసూయ లేదు. "మావాడు ఓనరయినాడప్పా" అని కనిపించిన వాళ్ళకల్లా తానే చెప్పుకునేవాడు.

పోయిన మాఘమాసంలో పార్కు గేటు దగ్గర సేఫ్టీ చూసే చందన్ సారు బండి ఆపాడు. ఈ రకం బస్సులను తయారుచేసిన కంపెనీ వెనక్కి పిలుస్తోందని చెప్పాడు. ముందు చక్రం దగ్గర బ్రేకు ఆయిల్ పోయే పైపు రాసుకుని పగిలే ప్రమాదం ఉందట. తప్పు తమదేనని ఒప్పుకుని, తుమకూరు వర్క్‌షాపులో ఒక్క రోజు బండి వదిలితే ఊరికే మార్చి ఇస్తారట. ఓనరుకు ఉత్తరం కూడా వచ్చి ఉంటుందన్నాడు. వారం లోపల మార్చినట్టు కాగితం తెస్తేనే ఆ తర్వాత బండి లోపలికి రానిస్తామన్నాడు.

దాసప్ప మా ముందే అల్లుడికి ఫోన్ చేశాడు.

"దేవా, బ్రేకు పైపు మార్పించాలంట. ఆదివారం నేను తుమకూరుకు తోలుకపోతా."

"నీకెందుకు మామా కష్టం? వారానికి ఒక్క దినం రెస్టు నీకు. నేనే పోతాలే, నువ్వు ఇంట్లో పండుకో."

ఆ ముక్కకు దాసప్ప పొంగిపోయాడు. సాయంత్రం దాకా దాని గురించే చెప్పాడు.

సోమవారం బండి తళతళలాడుతూ వచ్చింది. లోపలా బయటా కడిగించారు. కడిగిన బండిలో పాత పైపు కూడా కొత్తదానిలాగే కనిపిస్తుంది. సీట్ల కింద మాత్రం పసుపు బియ్యం గింజలు పడి ఉన్నాయి. నేనే చూపించాను.

"దారిలో ఏదో పెళ్ళోళ్ళను ఎక్కించుకున్నట్టుండాడు" అని నవ్వి, దాసప్ప చీపురుతో ఊడ్చేశాడు. నేను కూడా నవ్వాను.

ఆ రోజు సాయంత్రం దేవరాజే గేటు దగ్గరికి వచ్చాడు. ట్రిప్ షీట్లతో పాటు ఇంకో కాగితం బానెట్ మీద పెట్టి, "మామా, ఈడొక సంతకం" అన్నాడు. అది ఇంగ్లీషులో ఉంది. దాసప్పకు కన్నడం బాగా వచ్చు, ఇంగ్లీషు రాదు. నేను పీయూసీ దాకా చదివాను. పక్కనే నిలబడి బూట్లు విప్పుకుంటున్నాను. ఒక్క మాట అంటే చదివి పెట్టేదాన్ని. కానీ అల్లుడు కళ్ళెదురుగా ఉండగా అల్లుడిచ్చిన కాగితం ఇంకొకరితో చదివిస్తే వాణ్ణి అనుమానించినట్టే కదా. మా వైపు ఆ పని ఎవరూ చేయరు. దాసప్ప చొక్కా జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టేశాడు.

మూడు వారాలకు, వంక దగ్గరి దిగుడులో, పెడల్ సరాసరి నేలకు ఆనిపోయింది. ఆ పొద్దున కూడా తొక్కి చూశాడు, అప్పుడు బాగానే ఉంది. "పట్టుకోండమ్మా!" అని అరిచి, గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఎదురుగా వస్తున్న ఆటోను తప్పించి బండిని చేలోకి తిప్పాడు. కంపచెట్లను తొక్కుకుంటూ పోయి రాతికట్టకు గుద్దుకుని ఆగింది. మాకు చిన్న చిన్న దెబ్బలే. ముందు సీట్లో ఆంజినమ్మ మోకాలు మాత్రం రేకు కింద నలిగిపోయింది. ఇంక ఆ కాలు మడవడానికి రాదని డాక్టర్లు చెప్పారు.

పోలీసులు దాసప్ప లైసెన్సు పట్టుకున్నారు. బండిని తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టరు పగిలింది పాత పైపేనని రాశాడు. దాసప్ప నమ్మలేదు. "మా వాడు మార్పించినాడు సార్" అని వాదించాడు. అప్పుడు చందన్ సారు, దేవరాజు గేటులో ఇచ్చిన ఆ సంతకం కాగితం నకలు తెచ్చి ఇచ్చాడు. దాసప్ప దాన్ని నా చేతిలో పెట్టాడు. చదివాను. "డ్రైవరునైన నేనే బండిని వర్క్‌షాపుకు తీసుకెళ్ళి పైపు మార్పించాను. నేనే నడిపి పరీక్షించాను" అని ఉంది. కింద ఆయన సంతకం. దేవరాజు పోలీసులకు కూడా అదే చెప్పాడట, పని మామకు అప్పగించాను, చేయించానని రాసిచ్చాడు అని. ఊళ్ళో అయితే ఇంకో అడుగు ముందుకేసి, మామకు చూపు తగ్గిందని పుకారు పుట్టించాడు.

నన్ను తోడు పిలుచుకుని పావగడ పోయాడు దాసప్ప. దేవరాజు పట్టపగలు ఇంటి ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"బండి తుమకూరుకు పోలేదా దేవా?"

"ఆ ఆదివారం పెళ్ళి బాడుగ ఒప్పుకునింటి మామా. వచ్చే వారం పోదాంలే అనుకుంటే ఇంగోటి వచ్చింది."

"అందుకని నా చేత అబద్ధం మీద సంతకం పెట్టిస్తావా?"

"నువ్వుండావు గదా అనే ధైర్యం మామా. నీ చేతిలో ఉంటే బండికి ఏమీ కాదనుకుంటి." గొంతు తగ్గించి, "ఆవుదూడ అడ్డమొచ్చిందని చెప్పేయ్, పైపు గుద్దినప్పుడే పగిలిందనుకుంటారు. కొన్నాళ్ళకు లైసెన్సు తిరిగొస్తాది. ఇంకో బండి నీకే ఇస్తా" అన్నాడు.

నమ్మినవాడి నమ్మకాన్నే ఇట్లా తాకట్టు పెట్టేవాళ్ళను చూస్తే నాకు చెప్పు తీయాలనిపిస్తుంది. దాసప్ప మాత్రం వెనక్కి తిరిగి నడిచాడు. దారి పొడుగునా ఏడ్చాడు.

ఊరికి రాగానే నేరుగా ఆంజినమ్మ ఇంటికి పోయాడు. ఆమె మంచం మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. ఆయన జరిగిందంతా చెప్పాడు. పెళ్ళి బాడుగ, కాగితం, సంతకం, చూపు తగ్గిందన్న మాట, దూడ కథ.

"ఎత్తుకుని పెంచినవాడు నన్ను మోసం చేసినాడక్కా" అన్నాడు.

ఆంజినమ్మ మొత్తం విన్నది. ఆమెకు ఆయన మీద కోపం ఉన్నట్టు కూడా నాకనిపించలేదు.

"నీ అల్లుడు నిన్ను మోసం చేసినాడు, సరే" అంది. "నన్నెవరు చేసినారప్పా? నీ అల్లుడు ఎవరో నాకేం తెలుసు? నువ్వు ఎక్కమంటే ఎక్కితి."

మర్నాడు దాసప్ప పోలీస్ స్టేషన్లో దూడ మాట ఎత్తలేదు. అల్లుడి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. తర్వాత, వాళ్ళు అడగకుండానే, "చదవకుండా సంతకం పెట్టింది నేనే, అది కూడా రాసుకోండి సార్" అన్నాడు.