బకెట్లో గట్టిపడిన ముక్క

మా చిన్నాన్న సెంట్రింగ్ మేస్త్రి. స్లాబు పోసే ముందు కింద చెక్కలు పరిచి, వాటికి పోటు కర్రలు నిలబెట్టి, కాంక్రీటు గట్టిపడ్డాక అన్నీ విప్పడం ఆయన పని. అందరూ "సుత్తి మేస్త్రి" అనేవారు. చేతిలోంచి సుత్తి దిగదు, నోట్లో మాట ఆగదు. రెండింటికీ ఆ పేరు సరిపోయింది. స్లాబును ఓసారి తట్టి, చెవి ఒగ్గి, "ఆరిపోయింది, విప్పేద్దాం" అనేవాడు. ఎన్నడూ తప్పలేదు.

కూతురి ఇంటిమీద గది వేసినప్పుడు మాత్రం చలి ఎముకలు కొరికేస్తోంది. స్లాబు పోసిన నాటినుంచి ఎండ ముఖం చూపలేదు. అయినా ఎప్పుడూ ఆగినన్ని రోజులే ఆగి, చిన్నాన్న విప్పడానికి వచ్చాడు. అల్లుడు సెలవు పెట్టి సాయానికి నిలబడ్డాడు.

నడిమి కర్ర తీశారు. ఏమీ కాలేదు. పక్కదాని మీద సుత్తి పడగానే పైన చిటపటమని చప్పుడైంది. చిన్నాన్న తలెత్తాడు. స్లాబులో సన్నటి గీత. చూస్తుండగానే వేలు పట్టేంత వెడల్పయింది.

"బయటికి పో!" అని అరిచి, ఏనాడూ 'మీరు' అనకుండా పిలవని అల్లుణ్ణి ఒక్క తోపు తోశాడు. తనూ దూకాడు.

దుమ్ము తగ్గేసరికి అల్లుడు గుమ్మం బయట కాలు పట్టుకుని మూలుగుతున్నాడు. వెనక గది లేదు, ఆకాశం ఉంది. కూతురు పరుగున వచ్చి "నాన్నా!" అని భుజం పట్టి కుదిపింది. చిన్నాన్న అల్లుణ్ణి భుజాన ఎత్తుకుని మెట్లు దిగాడు.

ఆస్పత్రిలో అల్లుడి కాలికి కట్టు వేశాక తేరుకుని అన్నాడు.

"సిమెంటు కల్తీది. లేకపోతే ఎలా పడుద్ది?"

మర్నాడు కూలిన గదిని చూడటానికి ఒక ఇంజినీరమ్మ వచ్చింది. విరిగిన ముక్క ఒకటి తీసి గోటితో గీరితే పొడి రాలింది.

"సిమెంటు మంచిదే మేస్త్రిగారూ. చలికి దాని పని నెమ్మదించింది."

"పనేంటమ్మా? ఆరడమేగా?"

"ఆరడం కాదండీ. సిమెంటు నీళ్లతో కలిసి కొత్త పదార్థం అవుతుంది. కంటికి కనపడని సూదుల్లాంటివి పుట్టి, ఒకదాన్నొకటి పెనవేసుకుని, ఇసుకనీ కంకరనీ పట్టేసుకుంటాయి. ఆ పట్టే బలం. వెచ్చగా ఉంటే త్వరగా జరుగుతుంది, చలిలో బద్ధకిస్తుంది. లోపల నీళ్లు ఆరిపోతే ఆగిపోతుంది."

"మరి మేం స్లాబు మీద నీళ్లు కొట్టేది బీటలు రాకుండా కదూ?"

"అందుకూ కొడతారు. అసలు సంగతి దాని దాహం."

చిన్నాన్న నోరెళ్లబెట్టాడు. "ఇన్నేళ్లూ ఆరుతుందనుకున్నానే! అయితే నీళ్లలో ముంచినా గట్టిపడుద్దా?"

"ఇంకా బాగా. ఈ ముక్కనే నీళ్లలో వేసి వెచ్చటి చోట పెట్టి చూడండి."

నమ్మకం కుదరకపోయినా బకెట్లో వేసి వంటింట్లో పొయ్యి పక్కన పెట్టాడు. "ఇల్లు కూల్చిన రాయికి స్నానాలొకటా!" అని పిన్ని విసుక్కుంది.

అల్లుడి కట్టు విప్పిన వారంలో దాన్ని బయటికి తీశాడు. గోటితో గీరితే గోరు విరిగింది. పెరట్లోకి పట్టుకెళ్లి సుత్తితో బలంగా కొట్టాడు. చెయ్యి జిల్లుమంది. మళ్లీ కొట్టాడు. అంచున చిన్న పెచ్చు లేచింది, అంతే.

ఉన్నచోటే కూలబడ్డాడు.

"ఇంకొన్నాళ్లు ఆగుంటే నిలబడేదే! దీనికి బలం లేక కాదు, నేనే రానివ్వలేదు" అని పిన్ని ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఎండలు వచ్చాక కొత్త స్లాబు పోశారు. దానిమీద పరిచిన తడి గోనెలు ఆరకుండా చిన్నాన్నే చూసుకున్నాడు. పరీక్షకని అదే కాంక్రీటుతో పోసి ఉంచిన చిన్న దిమ్మలను ఇంజినీరమ్మ యంత్రంలో నొక్కి చూసి, "ఇక విప్పొచ్చు" అంది. అయినా ఆయన అందరినీ మెట్లు దింపి పంపేసి ఒక్కడే లోపలికి వెళ్లాడు. చివరి కర్ర తీసి, గది నడిమధ్య నిలబడి పైకి చూస్తూ ఉండిపోయాడు.

"నాన్నా, అన్నీ తీసేశావా?" కింద నుంచి కూతురు కేక వేసింది.

"తీసేశానే. కాస్త ఉండు, కాళ్లలో వణుకు తగ్గాక దిగుతా."