చుక్క పొడిచేదాకా

డెబ్బై ఆరు దసరాకి ఆటోనగర్ అంతా లారీల ముందు గుమ్మడికాయలు పగులుతుంటే, ఆమోసు నోట్లో మెతుకు లేదు, చుక్క నీరు లేదు. ఆయన లారీ బాడీలు కట్టే వడ్రంగి. చర్చి వదిలేసి, యూదుల ధర్మశాస్త్రమే మా దారి అన్న పది పదిహేను ఇళ్లలో ఆయనదొకటి. వాళ్లకు వేరే కేలండరు లేదు. పంచాంగంలో అమావాస్య చూసి లెక్కపెడతారు. పదో రోజు ప్రాయశ్చిత్త ఉపవాసం. పదిహేనో రోజు నుంచి, పెరట్లో ఆకుల పాక వేసుకునే పర్ణశాలల పండుగ. అంటే ఊరు తినే రోజు వీళ్లకి పస్తు, ఊరు సద్దుమణిగాక వీళ్ల సంబరం.

మనిషికి చేసిన తప్పు ఆ మనిషే క్షమించాలి, దేవుడు కూడా కలగజేసుకోడు అని బొంబాయిలో ఎవరో యూదు ముసలాయన చెప్పాడట. ఆ మాట ఆమోసుని తినేస్తోంది. నాలుగేళ్ల కిందట తల్లి సమాధి మీద అన్న ఏసుపాదం సిలువ పాతితే, కొత్త మతం వేడిలో ఈయన అందరి ముందూ పీకి పారేశాడు. అప్పట్నుంచి మాటల్లేవు. రెండుసార్లు వెళ్తే అన్న తలుపేసుకున్నాడు.

"ఈసారీ కాదంటే పండగెలా చేస్తానండీ? పాకలో కూర్చుని ఏడవాలా?" అన్నాడు పొరుగింట్లో ఉండే నాతో.

అన్న ఉండే గన్నవరం పదకొండు మైళ్లు. ఆ రోజు బండెక్కకూడదట. ఎక్కడ పడిపోతాడోనని సైకిలు నడిపించుకుంటూ పక్కనే వెళ్లాను.

ఏసుపాదం అరుగు మీదే ఉన్నాడు. తమ్ముడి ఎండిన పెదాలు చూసి ఇంట్లో ఉన్న భార్యని కేకేశాడు. "తెరేసా, మజ్జిగ తే!"

అక్కడితో అయిపోవాల్సింది. ఈ మనిషి చేతులు జోడించి, "వద్దన్నా, పొద్దుగూకేదాకా ముట్టను. క్షమించానను, చాలు" అన్నాడు.

"నా ఇంటి మజ్జిగ మైలా? నా క్షమాపణ మాత్రం కావాలా? పోరా!" తెరేసమ్మ తెచ్చిన గ్లాసు వీధిలోకి ఒంపేసి ఏసుపాదం తలుపేసుకున్నాడు.

"ఒక్క గుక్క తాగితే ఏం పోతుందండీ? మూర్ఖత్వం కాకపోతే!" అన్నాను.

"తాగితే దేవుడు పోతాడు, తాగకపోతే అన్న పోతాడు. ఏం చెయ్యమంటారు?" అని బావురుమన్నాడు.

మురుగుకాలవ పక్కనే కూలబడ్డాడు. "పండగ పూట బాగా పట్టించావే!" అని ఎవడో నవ్వుకుంటూ పోయాడు. తెరేసమ్మ కిటికీలోంచి రెండుసార్లు చూసింది, పిలవలేదు. ఆకాశంలో మూడు చుక్కలు కనబడితే ఉపవాసం తీరినట్టట. అవి పొడిచేసరికి ఆమోసుకి లేచే ఓపిక కూడా లేదు. డేకుతూ వెళ్లి తలుపు కొట్టాడు.

"అన్నా, పొద్దుగూకింది. నీళ్లియ్యి. నీ చేత్తోనే."

చాలాసేపటికి తలుపు తీసింది తెరేసమ్మ, చెంబుతో. ఏసుపాదం వెనకనుంచి వచ్చి చెంబు లాక్కున్నాడు. విసిరేస్తాడనుకున్నాను. గొంతుక్కూర్చుని తమ్ముడి దోసిట్లో పోశాడు.

"నెమ్మదిగా తాగరా, పొలమారుద్ది. చస్తే ఆ పాపం కూడా నాకే!"

క్షమించానని అనలేదు. ఆమోసు మళ్లీ అడగనూ లేదు.

ఐదు రోజులకి పటమటలో ఆమోసు పెరట్లో పర్ణశాల లేచింది. తాటాకులు ఏసుపాదమే బండి మీద తెచ్చాడు. ఆకాశం కనబడాలని ఆమోసు భార్య సంపూర్ణమ్మ కప్పులో సందులు వదిలిస్తుంటే విసుక్కున్నాడు.

"మీ ఇల్లు ఏడాదంతా కారుతూనే ఉందిగా, మళ్లీ కారే పాకెందుకమ్మా?"

"అది మా రాత బావగారూ, ఇది పండగ!"

ఆమోసుది పాడే గొంతు కాదు. అయినా ఆ సాయంత్రం వీధి చివరిదాకా వినబడేలా పాడాడు. ఏసుపాదం ఖాళీ డబ్బా మీద దరువేస్తూ, శ్రుతి తప్పుతున్నావురా అని తిడుతూనే ఉన్నాడు.